పోయిన బ్రౌజరు పెట్టిన పేచీ

ఉమ్మడి గోడల తగవు తెలియనివారు ఉండరు. మన వాటాలో గోడ అడ్డుగా ఉన్నదని ఒకనాడు పడగొట్టిస్తాము. గది విశాలమవుతుంది, గాలి వస్తుంది, మనసుకు హాయిగా ఉంటుంది. మర్నాడు ప్రక్క వాటావారు వచ్చి, "ఏమండీ, మా దూలం ఆ గోడమీదనే ఆని ఉన్నది గదా!" అంటారు. సోమాజిగూడలో పాత బంగళాలు ఒక్కటొక్కటే పోయి, వాటి చోట మేడలు లేస్తూ ఉండగా చూచినవారికి ఇటువంటి తగవులు కొత్త కావు. కంప్యూటరులోనుంచి ఒక బ్రౌజరును తీసివేసినప్పుడు వచ్చే తగవు కూడా సరిగ్గా ఇదే.

బ్రౌజరంటే ఇంటర్నెట్టును చూపించే కిటికీ. క్రోమ్ అనీ, ఫైర్‌ఫాక్స్ అనీ, ఎడ్జ్ అనీ పలు రకాలు. ఒకటి నచ్చకపోతే తీసివేసి మరొకటి పెట్టుకుంటాము. తీసివేయడం నిమిషం పని. అసలు పేచీ ఆ తరువాత మొదలవుతుంది. ఉత్తరంలో వచ్చిన లింకు నొక్కితే తెరుచుకోదు. నిన్నటిదాకా చక్కగా నడిచిన మరొక సాఫ్ట్‌వేరు ఇవాళ మొరాయిస్తుంది. "నేను తీసినది దానిని కాదే, ఇదెందుకు పాడయింది?" అని మనిషి తెల్లబోతాడు.

నేను తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికేదానిని గనుక నాకు వ్యాకరణమే గుర్తుకు వస్తుంది. ఒక అక్షరం పోయి దాని చోట మరొకటి వచ్చి కూర్చుంటే అది ఆదేశం. ఏమీ రాకుండా పోతే అది లోపం. బ్రౌజరును తీసినప్పుడు జరగవలసినది ఆదేశం. మనవాళ్ళు చేసేది లోపం!

దండకవిలెలో పాత పేరు

విండోస్ కంప్యూటరులో రిజిస్ట్రీ అని ఒకటి ఉన్నది. పూర్వం కరణంగారి దగ్గర ఉండే దండకవిలె వంటిది. ఏ పని ఎవరి అధీనంలో ఉన్నదో అందులో రాసి ఉంటుంది. బ్రౌజరు ఇంట్లో అడుగు పెట్టగానే, "వెబ్ పేజీలు తెరిచే హక్కు నాది, లింకులు నొక్కితే పలికేది నేను" అని అందులో తన పేరు రాయించుకుంటుంది. ఖాళీ చేసి వెళ్ళేటప్పుడు ఆ పేరు కొట్టివేయించుకొని వెళ్ళాలి. ఒక్కొక్కప్పుడు కొట్టివేయదు. అప్పుడు మనం లింకు నొక్కితే విండోస్ దండకవిలె తిరగవేసి, ఖాళీ చేసి వెళ్ళినవాడి తలుపు తడుతుంది. ఎవరు పలుకుతారు?

క్రోమ్‌ను తీసివేసిన తరువాత ఔట్‌లుక్‌లో లింకు నొక్కినవారికి వెనుకటి రోజుల్లో ఒక సందేశం కనిపిస్తూ ఉండేది. ఈ కంప్యూటరుమీద ఉన్న నిర్బంధాల మూలంగా మీ పని రద్దయినది, మీ నిర్వాహకుణ్ణి సంప్రదించండి అని దాని తాత్పర్యం. సొంత డబ్బుతో కొనుక్కున్న కంప్యూటరుకు నిర్వాహకుడెవరు? తానే! ఇక ఎవరిని సంప్రదించాలి? నిజానికి నిర్బంధమూ లేదు, నిషేధమూ లేదు. రిజిస్ట్రీలో వెబ్ పేజీల ఎదుట క్రోమ్ పేరు ఇంకా అట్లాగే ఉన్నది, అంతే.

కోర్టుకెక్కిన గోడ

బ్రౌజరును తీయవచ్చునా, తీస్తే మిగతా ఇల్లు నిలుస్తుందా అనే ప్రశ్న ఒకప్పుడు అమెరికా న్యాయస్థానం దాకా వెళ్ళింది. మైక్రోసాఫ్ట్ వారు 1995లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనే బ్రౌజరును తెచ్చి విండోస్‌తో కలిపి ఇవ్వసాగారు. 1997 డిసెంబరులో థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ అనే న్యాయమూర్తి, విండోస్ కావలసినవారికి బ్రౌజరును కూడా అంటగట్టరాదని తాత్కాలికంగా ఉత్తరువు చేశాడు. బ్రౌజరు ఫైళ్ళన్నీ పెరికివేస్తే విండోస్ నడవదని కంపెనీవారు వాదించారు. కోర్టువారు కంప్యూటరు తెప్పించి తీయించి చూస్తే తొంభై సెకన్లు కూడా పట్టలేదు. విండోస్ నిక్షేపంగా నడిచింది!

ఎవరిది నిజం? ఇద్దరిదీను. కోర్టులో పోయినది పైకి కనిపించే కిటికీ తలుపు. పేజీని చదివి తెరమీద చిత్రించే యంత్రభాగం లోపలే ఉండిపోయింది. దానిమీద ఇతర సాఫ్ట్‌వేర్లు ఆనుకొని ఉన్నవి. అది తీస్తే దూలాలు కూలడం నిజమే. 1998 మే నెలలో అమెరికా ప్రభుత్వం వేసిన పెద్ద దావామీద 2001 జూన్‌లో అప్పీలు కోర్టువారు తీర్పు చెప్పారు. కంపెనీని రెండు ముక్కలు చేయాలన్న క్రింది కోర్టు తీర్పును వారు కొట్టివేశారు. కాని బ్రౌజరును తీసివేసే జాబితాలో కనబడకుండా చేయడమూ, దాని భాగాలను విండోస్ భాగాలతో కలగాపులగం చేయడమూ తప్పేనని నిలబెట్టారు.

ఆ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2022 జూన్ 15న పదవీ విరమణ చేసింది. అప్పటికి మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ళ. సోమాజిగూడకు కూతవేటు దూరంలో బేగంపేటలో ఉన్న హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదువుకున్నవారే. బ్రౌజరుకు వీడ్కోలు చెప్పినా దాని యంత్రభాగాన్ని వారు పారవేయలేదు. దానిమీద ఆధారపడిన పాత పేజీలకోసం ఎడ్జ్ అనే కొత్త బ్రౌజరులో 'ఐ.ఇ. మోడ్' అని ఒక గది కేటాయించి, కనీసం 2029 వరకు ఉంచుతామని మాట ఇచ్చారు.

ఈ సంగతి తెలియక ఒక పల్లెపదాల భాండారం మూతపడబోయిన వైనం ఇప్పుడు చెబుతాను.

మా శాఖలో జరిగినది

మా తెలుగు శాఖలో ఒక పెద్దాయన ఉండేవారు. 2003లో వేసవి సెలవులు రెండు నెలలూ పల్లెలు తిరిగి బండి చేసే వడ్రంగుల నోటా, మగ్గం నేసేవారి నోటా పదాలు సేకరించారు. నొగలు, ఇరుసు, కాడి, పడుగు, పేక, నాడె వంటివి అందరికీ తెలిసినవే. ఆయన పట్టుకువచ్చినవాటిలో ఏ నిఘంటువులోనూ దొరకనివి ఎన్నో ఉన్నవి. ఒక్కొక్క పదానికీ ఊరు, అర్థం, వాడుక రాసి, వెబ్ పేజీలుగా కూర్చి ఒక సి.డి. చేయించారు. తరువాత ఆయన కాలం చేశారు. సి.డి. గీతలు పడి పనికిరాకుండా పోయింది. మిగిలినది శాఖలోని విండోస్ 10 కంప్యూటరులో ఉన్న నకలు ఒక్కటే. ఒక పరిశోధక విద్యార్థిని దానిమీదనే ఆధారపడి సిద్ధాంతగ్రంథం రాస్తున్నది.

2024 వేసవిలో కంప్యూటరు పనులు చూచే కుర్రవాడు, కాలం చెల్లిన సరుకు ఎందుకని పాత బ్రౌజరును తీసివేశాడు. వాడి ఉద్దేశం మంచిదే. మర్నాడు ఆ అమ్మాయి పదాల పేజీ తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, డిగ్రీ గుర్తులు, కొక్కేలు! గ్రంథం సమర్పించవలసిన గడువు ఇరవై రోజులున్నది. ఆ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు.

పేజీ పాడయిందా? లేదు. ఆ రోజుల్లో తెలుగు ఫాంట్లు ఎవరికి వారివే. ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తెలుగు ముక్కలను కూర్చోబెట్టేవారు. కనుక ఫైలులో ఉన్నది ఇంగ్లీషు అక్షరాలే. వాటికి తెలుగు వేషం వేసే ఫాంటు పేజీ ప్రక్కనే ఇ.ఓ.టి. అనే తరహా ఫైలుగా ఉంటుంది. ఆ తరహా ఫాంటును తొడిగే విద్య ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే తెలుసు. క్రోమ్‌కు గాని, ఫైర్‌ఫాక్స్‌కు గాని రాదు. వేషధారి ఉన్నాడు, దుస్తులున్నవి, వేషం కట్టేవాడు మాత్రం వెళ్ళిపోయాడన్నమాట.

అమీర్‌పేట వైద్యం

కుర్రవాడు ముందు ఫాంటును అనుమానించాడు. తరువాత వైరస్ అన్నాడు. ఆఖరికి "ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్" అన్నాడు. డిస్కంతా తుడిచి విండోస్ మళ్ళీ వేయడమని అర్థం. ఉన్న ఒక్క నకలూ గంగలో కలిసేది! కంప్యూటరును అమీర్‌పేట తీసుకువెళ్ళాము. మైత్రీవనం చుట్టుప్రక్కల కంప్యూటరు కోర్సుల బోర్డులు తప్ప గోడలు కనిపించవని అందరూ ఎరిగినదే. ఆ వెనుక సందులో చిన్న దుకాణం పెట్టుకున్న మెకానిక్ ఒకాయన మా గోడు విని అడిగిన ప్రశ్నలు రెండే.

"ఏం తీసిన్రు మేడమ్? ఎప్పుడు తీసిన్రు?"

చెప్పాము. ఫార్మాట్ మాట కూడా చెప్పాము.

"ఫార్మాట్ చేసుడు పెద్ద పనా మేడమ్? చేసినంక మీ ఫైళ్ళు యాడికెల్లి తేవాలె?" అని నవ్వి, ముందుగా ఆ పేజీలన్నిటినీ ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించాడు. ఎడ్జ్‌లో ఐ.ఇ. మోడ్ ప్రయత్నించి చూశాడు. అది పలకలేదు. అప్పుడు విండోస్ ఫీచర్ల జాబితా తెరిచాడు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 ఎదుట టిక్కు లేదు. విండోస్ 10లో ఐ.ఇ. మోడ్ పనిచేయాలంటే ఆ టిక్కు ఉండితీరాలి. కుర్రవాడు తీసినది అదే. టిక్కు పెట్టి, కంప్యూటరును ఆపి మళ్ళీ లేపి, ఎడ్జ్ సెట్టింగుల్లో ఐ.ఇ. మోడ్‌కు అనుమతి ఇచ్చి, పేజీ తెరిచాడు. పడుగూ పేకా కళ్ళ ఎదుట నిలిచినవి! పుచ్చుకున్నది రెండు వందల రూపాయలు. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకున్నది.

తీసే ముందు, తీసిన తరువాత

ఆ మెకానిక్ పద్ధతిలోనే పాఠకులకు పనికివచ్చే వైద్యమంతా ఉన్నది. క్రమంగా చెబుతాను.

తీయబోయే ముందు ఆ బ్రౌజరులోని బుక్‌మార్కులను, పాస్‌వర్డులను వేరే చోటికి ఎగుమతి చేసుకోవాలి. తరువాత సెట్టింగుల్లో 'డిఫాల్ట్ యాప్స్' అనే చోటికి వెళ్ళి, వెబ్ పేజీలు, లింకులు, పి.డి.ఎఫ్.లు తెరిచే బాధ్యత కొత్త బ్రౌజరుకు ఒప్పగించాలి. వారసుణ్ణి నిలబెట్టిన తరువాతనే పాతవాణ్ణి పంపాలి. తీసేటప్పుడు బ్రౌజింగ్ డేటా కూడా చెరిపివేయమంటావా అని అడిగితే తొందరపడి సరేననవద్దు.

అప్పటికే తీసివేసి చిక్కులో పడ్డారా? ముందు ముఖ్యమైన ఫైళ్ళకు నకలు తీయండి. ఏమి తీశారో, ఏనాడు తీశారో కాగితంమీద రాయండి. కంప్యూటరును ఒకసారి పూర్తిగా ఆపి మళ్ళీ లేపండి. సగంలో ఆగిన తీసివేత అప్పుడు పూర్తవుతుంది. ఆపైన డిఫాల్ట్ యాప్స్ సరిచూడండి. ఇంకా లొంగకపోతే తీసిన బ్రౌజరునే మళ్ళీ వేయండి. పరాజయమని సిగ్గుపడనక్కరలేదు. అది వచ్చి దండకవిలె సరిచేసుకుంటుంది. బాధ్యతలు మార్పించి, ఈసారి క్రమంగా సాగనంపవచ్చును. రిజిస్ట్రీలో స్వయంగా చేయి పెట్టడం ఆఖరి ఉపాయం. దానికీ ముందుగా నకలు తీసుకోవలసినదే.

ఇంకొక్క మాట. జాబితాలో 'వెబ్‌వ్యూ 2' అని ఒకటి కనిపిస్తుంది. ఎవరూ పిలవకుండా వచ్చి కూర్చున్నదని దానిని తీసివేయవద్దు. అది ఎడ్జ్ యంత్రభాగమే. ఇతర సాఫ్ట్‌వేర్లు తమ పేజీలు చూపించడానికి దానిమీద ఆనుకొని ఉంటవి. ఐరోపా ఆర్థిక మండలంలోని దేశాలవారికి కొత్త చట్టం మూలంగా 2024 నుంచి ఎడ్జ్‌ను తీసివేసే వీలు కలిగింది. అక్కడ కూడా ఎడ్జ్ పోతుందిగాని వెబ్‌వ్యూ ఉండిపోతుంది. ఉమ్మడి గోడ ఉమ్మడి గోడే.

శాశ్వతమైన చికిత్స

ఐ.ఇ. మోడ్ గడువున్న మందు. విండోస్ 10కే 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. అందుచేత ఆ పల్లెపదాలను ఏ బ్రౌజరు అండా అక్కరలేని యూనికోడ్‌లోకి మార్చాలని నిశ్చయించుకున్నాము. యూనికోడ్‌లో తెలుగుకు ప్రత్యేకంగా 128 గళ్ళున్నవి. అక్కడ 'క' అంటే ఎప్పటికీ 'క'యే.

మార్చడం అనుకున్నంత తేలిక కాదు. పాత ఫాంట్లు కంటికి కనిపించే క్రమంలో ముక్కలు పేర్చినవి. క్రావడి ఎడమప్రక్కన కనిపిస్తుంది గనుక హల్లుకు ముందే పెట్టినవి ఉన్నవి. యూనికోడ్ మాత్రం పలికే క్రమం అడుగుతుంది. కొన్ని ఫాంట్లలో 'మ' అనేది విడిగా లేదు, 'వ'కు కొమ్ము తగిలించి కూర్చినదే! ఈ చిక్కులు విప్పడానికి నాగార్జున వెన్న గారు 'పద్మ' అనే పనిముట్టును తయారుచేశారు. అది పత్రికల ఫాంట్లను ఫైర్‌ఫాక్స్‌లో చదివించి ఎందరికో మేలు చేసింది. అయితే ఆ తరహా పాత పొడిగింపులను 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ వదలివేసింది.

మా అమ్మాయి గడువులోపల గ్రంథం సమర్పించి, తరువాత ఆ ఫాంటుకు ముక్కముక్కకూ పట్టిక రాసింది. ఆమె స్నేహితుడొకడు ఆ పట్టికతో మార్చే ప్రోగ్రాము రాసి ఇచ్చాడు. పెద్దాయన చేతిరాత పుస్తకాలు వారింట భద్రంగా ఉన్నవి. వాటితో సరిపోల్చి తప్పులు దిద్దుతూ మూడు నెలలు కూర్చున్నాము. ఇప్పుడు ఆ పదాలు క్రోమ్‌లోనూ కనిపిస్తవి, ఫైర్‌ఫాక్స్‌లోనూ కనిపిస్తవి, చేతిలోని ఫోనులోనూ కనిపిస్తవి. మూడు చోట్ల నకళ్ళున్నవి.

పాఠకుల్లో ఎందరి ఇళ్ళలోనో తాతగారి పద్యాలో, సంస్థల చరిత్రలో, పెళ్ళి శుభలేఖలో పాత ఫాంట్లలో నిద్రపోతూ ఉండవచ్చును. వాటిని చూపించే పాత కంప్యూటరు ఇంకా ఊపిరితో ఉన్నదా? అయితే బ్రౌజరును తీసే ఆలోచన నాలుగు రోజులు వాయిదా వేసి, ముందు వాటి సంగతి చూడండి.