హార్ట్‌ల్‌పూల్ రేవులో మలబారు టేకు

ఇంగ్లండు ఈశాన్య తీరాన, ఉత్తర సముద్రంలోనికి చొచ్చుకొనిపోయిన భూశిరంపై వెలసిన రేవుపట్టణం హార్ట్‌ల్‌పూల్. క్రీ.శ. 7వ శతాబ్దంలోనే అచ్చట క్రైస్తవ మఠం ఉండేది. మధ్యయుగాలలో రేవుగా వర్ధిల్లినా, పిదప అది జాలరుల ఊరుగా కుంచించుకుపోయింది. 19వ శతాబ్దంలో రైలుమార్గం వచ్చి, డర్హమ్ గనుల బొగ్గును ఓడలకెక్కించడం మొదలైన తరువాతనే దానికి మరల ప్రాణం వచ్చింది. రాల్ఫ్ వార్డ్ జాక్సన్ పూనికతో 1847లో పాత ఊరి పక్కనే కొత్త రేవు తెరుచుకొంది. ఓడల నిర్మాణం, ఉక్కు తయారీ వేలాది కుటుంబాలకు జీవనాధారమయ్యాయి. శత్రువుల కన్ను పడడానికీ ఆ పరిశ్రమలే కారణమయ్యాయి. 1914 డిసెంబరు 16 ఉదయం మూడు జర్మన్ యుద్ధనౌకలు వెయ్యికి పైగా గుండ్లు కురిపించగా, వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఈ ఊరివారిని ఆటపట్టించే కథ ఒకటుంది. నెపోలియన్ యుద్ధాల కాలంలో పగిలిన ఫ్రెంచి ఓడనుండి ఒడ్డుకు చేరిన కోతిని గూఢచారిగా భావించి ఉరితీశారట! దానికి చారిత్రకాధారం లేదు. అయినా స్థానిక ఫుట్‌బాల్ జట్టు కోతినే తన చిహ్నంగా చేసుకొంది. ఆ కోతివేషం కట్టిన యువకుణ్ణే 2002లో ప్రజలు మేయరుగా ఎన్నుకొన్నారు.

నౌకానిర్మాణం 1960ల ఆరంభంలో అంతరించింది. 1977లో ఉక్కు తయారీ కూడ ఆగిపోయింది. పని తెలిసిన చేతులు ఖాళీగా మిగిలాయి. ఆ దశలో, 1979లో, 'వారియర్' అనే శిథిలమైన ఇనుప యుద్ధనౌకను మరమ్మతుకై అక్కడికి తెచ్చారు. 1987లో అది పూర్వవైభవంతో పోర్ట్స్‌మత్‌కు తరలిపోగా, అదే ఏట మరొక పాత ఓడ వచ్చి చేరింది. దాని పేరు 'ట్రింకోమలీ'.

ఈ ఓడ పుట్టిల్లు మన బొంబాయి. నెపోలియన్ యుద్ధాలతో బ్రిటనులో ఓక్ కలప కరువైనందున మలబారు టేకుతో దీనిని నిర్మింపదలచారు. నమూనా చిత్రాలను మోసుకొస్తున్న నౌక 1812లో అమెరికన్ల చేతిలో నాశనమైంది. చిత్రాలను మళ్లీ పంపవలసి వచ్చింది. పార్సీ నౌకానిర్మాత జంషెట్జీ బొమన్జీ వాడియా పర్యవేక్షణలో నిర్మాణం ముగిసి, 1817 అక్టోబరు 12న ఓడ నీటిలోకి దిగింది. మన దేశాన్ని ఏలుతున్నవారి నౌకాబలానికి మన అడవులు, మన పనివారి నేర్పు తోడ్పడ్డాయన్నది మరువరాని సంగతి. వాడియా పేరు నిలిచింది గాని, ఆ మానులను నరికినవారిని, చెక్కిన వడ్రంగులను తలచేవారు అరుదు.

2001లో పునరుద్ధరణ పూర్తయింది. బ్రిటనులో నేటికీ నీటిపై తేలుతున్న యుద్ధనౌకలలో ఇదే అతి ప్రాచీనం. దాని కొయ్యలో సగానికి పైగా బొంబాయిలో అమర్చిన తొలినాటి టేకే.