అద్దంలా మెరిసే డై ఎందుకు పాడవుతుంది?

స్టీలు గిన్నెలను ప్రెస్సు కింద సాగదీసే డైలకు చాలాచోట్ల డీ2 టూల్ స్టీలు వాడతారు. అందులో కార్బన్ సుమారు 1.5 శాతం, క్రోమియం 12 శాతం. హీట్ ట్రీట్‌మెంట్ అయ్యాక దాని గట్టిదనం రాక్‌వెల్ సి స్కేలు మీద 60 దాకా వస్తుంది. అంత గట్టి డై నుంచి కూడా ఒక్కోసారి గిన్నెలు ఒంటి నిండా నిలువు గీతలతో వస్తాయి. అప్పుడు ఉక్కును తిట్టుకునే ముందు దాని పైముఖాన్ని ఎలా తీర్చారో చూడాలి.

ఎంత నున్నటి లోహం మీదైనా కంటికి కనబడని మెట్టపల్లాలుంటాయి. రెండు ముఖాలు ఆనినప్పుడు నిజంగా తాకేవి ఆ మెట్టల కొనలే. బరువంతా వాటి మీదే పడి అవి అతుక్కుంటాయని, జరిగేటప్పుడు ఆ అతుకులు తెగడమే ఘర్షణకు ముఖ్య కారణమని శాస్త్రవేత్తలు బౌడెన్, టేబర్ 1950 నాటి తమ పుస్తకంలో వివరించారు. స్టెయిన్‌లెస్ రేకుకు ఈ అతుక్కునే గుణం మరీ ఎక్కువ. రేకు నుంచి ఊడిన తునక డైకి అంటుకుని, నలిగి గట్టిపడి, ఆ తర్వాత వచ్చే ప్రతి గిన్నెనూ గీరుతుంది.

మంచి గ్రైండింగ్‌తో సగటు గరుకుదనం 0.4 మైక్రాన్ల దగ్గరికి, డైమండ్ పేస్టుతో పాలిష్ పడితే 0.05కి దిగుతుంది. అయితే డ్రాయింగు మీద ఈ సగటు ఒక్కటే రాసి ఊరుకోవడం నాకు నచ్చదు. కొనలు పైకి పొడుచుకున్న ముఖానికీ, చదునుగా ఉండి అక్కడక్కడా లోతైన గాళ్లున్న ముఖానికీ ఒకే అంకె రావచ్చు. మొదటిది రేకును చెక్కుతుంది. రెండోది గాళ్లలో నూనె నిలుపుకుంటుంది. దిశ కూడా ముఖ్యమే: చివరి పాలిష్ గీతలు రేకు జారే వైపుకే సాగాలి.

అన్నిటికన్నా ప్రమాదం గ్రైండింగ్‌లో కాలిన డై. వీల్ మొద్దుబారినా, కూలెంట్ సరిగా తగలకపోయినా పైపొర విపరీతంగా వేడెక్కి, చటుక్కున చల్లారి, టెంపర్ కాని (అంటే మళ్లీ వేడిచేసి పెళుసుదనం తగ్గించని) పెళుసు పొరగా మిగులుతుంది. దాని కిందిది మెత్తబడుతుంది. సన్నటి పగుళ్లూ రావచ్చు. పాలిష్‌తో పైన ఎంత మెరిపించినా లోపలి దెబ్బ పోదు. ఆల్కహాల్‌లో కాస్త నైట్రిక్ ఆమ్లం కలిపిన నైటాల్ పూస్తే మెత్తబడిన చోటు నల్లగా, మళ్లీ గట్టిపడినది తెల్లగా బయటపడతాయి. విద్యుత్ నిప్పురవ్వలతో లోహాన్ని తొలిచే స్పార్క్ మెషీన్ వదిలే తెల్ల పొరనూ ఇలాగే అనుమానించి తీసేయాలి.

బంగారు రంగు టైటానియం నైట్రైడ్ పూత అతుకుడును బాగా తగ్గిస్తుంది. కానీ దాని మందం కొద్ది మైక్రాన్లే కాబట్టి కింది గీతలు పైకి తేలతాయి. పైగా పూత వేసేటప్పుడు డై సుమారు 450 డిగ్రీలకు వేడెక్కుతుంది. 200 డిగ్రీల దగ్గర టెంపర్ చేసిన డీ2 ఆ వేడికి మెత్తబడుతుంది. పూతకు పంపాలనుకున్న డైని ముందే 500 డిగ్రీలు దాటించి టెంపర్ చేయించాలి.