రెండు తెరలతో క్లాసు: ఎప్పుడు రెండు, ఎప్పుడు ఒకటి

మనలో చాలామందికి ఇంట్లో ఆఫీసు పని కోసం డెస్క్‌టాప్‌కి రెండు మానిటర్లు ఉంటాయి. ఆదివారం జూమ్ క్లాసు కూడా ఆ బల్ల దగ్గరే. కిందటేడు నేను పాఠం చూపిద్దామని స్క్రీన్ షేర్ చేస్తే, మార్కుల పట్టిక ఉన్న రెండో తెర పిల్లలకి కనిపించింది. పది సెకన్లు కూడా లేదు. కానీ అందరికన్నా తక్కువ వచ్చిన పాప రెండు వారాలు క్లాసులో నోరు విప్పలేదు. వాళ్ళమ్మగారికి ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పుకున్నాను.

విండోస్‌లో తెరలు మార్చడం తేలికే. విండోస్ కీ, ‘పి’ కలిపి నొక్కండి. ‘పీసీ స్క్రీన్ ఓన్లీ’ అంటే మొదటి మానిటర్ ఒక్కటే. ‘డూప్లికేట్’ అంటే రెండిట్లోనూ ఒకటే బొమ్మ; హాల్లో ప్రొజెక్టర్ పెట్టినప్పుడు ఇదే మంచిది, పిల్లలు చూసేదే మీరూ చూస్తారు. ‘ఎక్స్‌టెండ్’ అంటే రెండూ కలిపి ఒక పెద్ద తెర: ఒకవైపు పాఠం, ఇంకోవైపు మీ నోట్సు. నాలుగోదైన ‘సెకండ్ స్క్రీన్ ఓన్లీ’తో మనకి పెద్దగా పని పడదు. మ్యాక్‌లో అయితే సిస్టమ్ సెట్టింగ్స్‌లో ‘డిస్‌ప్లేస్’ చూడండి.

మామూలు క్లాసుకి ఎక్స్‌టెండే హాయి. డిక్టేషన్ రోజున, పరీక్ష రోజున మాత్రం నేను ఒక్క తెరకే వచ్చేస్తాను, జవాబుల కాగితం మూసేస్తాను. ఏ రోజైనా సరే, షేర్ నొక్కాక మొత్తం స్క్రీన్ ఎంచుకోకండి, పాఠం ఉన్న విండో ఒక్కటే ఎంచుకోండి. అసలు కాపాడేది అదే.

రెండో మానిటర్ బటన్ నొక్కి ఆపేస్తే ఒక్క తెర అయిపోయినట్టు కాదు. చాలాసార్లు కంప్యూటర్ అది ఇంకా ఉందనే అనుకుంటుంది, తెరిచిన విండో ఆ చీకట్లోకి పోతుంది. “టీచర్, ఏం కనబడట్లేదు” అని పిల్లలు అరుస్తుంటే మనం వెతుక్కుంటూ ఉంటాం! విండోస్ కీ, షిఫ్ట్ పట్టుకుని ఎడమ లేదా కుడి బాణం నొక్కితే ఆ విండో ఇవతలి తెర మీదకి వస్తుంది.

ఇంకోటి, పిల్లల ముఖాలు కెమెరా ఉన్న మానిటర్ మీదే పెట్టుకోండి. లేకపోతే గంటసేపూ వాళ్ళకి మన చెవే కనిపిస్తుంది.

క్లాసుకి పది నిమిషాల ముందు మీ ఫోన్‌తో కూడా జూమ్‌లో చేరి, ఏం కనిపిస్తోందో ఒకసారి చూసుకోండి. ఫోన్‌లో ఆడియో మాత్రం కలపకండి, కీచుమంటుంది.