పెట్టె మీది అంకె వేరు, మన హాలు కొలత వేరు: పెద్ద టీవీ గురించి మీకు తెలుసా?

షోరూంలోకి అడుగుపెట్టగానే సేల్స్ కుర్రాడు అడిగే మొదటి ప్రశ్న, "ఎంత సైజు కావాలి సార్?" మనం ధీమాగా "యాభై అయిదు" అంటాం. ఆ యాభై అయిదు ఎక్కణ్నుంచి ఎక్కడికో అతను చెప్పడు, మనం అడగం.

అది మూల నుంచి మూలకు, ఏటవాలుగా కొలిచిన అంకె. 55 అంగుళాల టీవీ తెర అసలు వెడల్పు 48 అంగుళాలు, అంటే సరిగ్గా 4 అడుగులు. ఎత్తు 27 అంగుళాలే. ఈ ఏటవాలు కొలత పిక్చర్ ట్యూబుల కాలం నాటి అలవాటు. మొదట్లో ట్యూబు ముఖం గుండ్రంగా ఉండేది, గుండ్రటి దానికి కొలవడానికి ఉన్నది వ్యాసం ఒక్కటే. తర్వాత తెర దీర్ఘచతురస్రమైనా ఆ పద్ధతి పోలేదు. మన దేశంలో పెట్టె మీద 108, 139, 164 అని సెంటీమీటర్లు కూడా కనిపిస్తాయి. తూనికలు కొలతల చట్టం మెట్రిక్ కొలతలే చెప్పమంటుంది గనుక అలా వేస్తారు. అవి మరేవో కాదు, మన 43, 55, 65 అంగుళాలే.

పది అంగుళాల తేడా ఎంత?

55కీ 65కీ మధ్య తేడా పదే కదా అనిపిస్తుంది. బొమ్మ వైశాల్యం లెక్కేస్తే 65 అంగుళాల తెర దాదాపు 40 శాతం పెద్దది. రెండింటి ధరలు పోల్చేటప్పుడు ఈ 40 గుర్తుంటే బేరం తీరే మారిపోతుంది.

డబ్బా టీవీ ఎత్తే ఎక్కువ!

పాత 29 అంగుళాల డబ్బా టీవీ తీసేసి మేం 32 అంగుళాల పల్చటి టీవీ తెచ్చుకున్న రోజు నాన్న కుర్చీ ముందుకు జరుపుకుని, "వార్తలు చదివే అమ్మాయి చిన్నదైపోయిందేమిట్రా?" అన్నారు. చాదస్తం అనుకున్నాం. ఎందుకైనా మంచిదని టేపు తీసుకుని కొలిస్తే ఆయన మాటే నిజమైంది. డబ్బా టీవీల్లో ఆ 29 అంగుళాలు ట్యూబు మొత్తానిది, అంచుల కింద దాగిన గాజుతో కలిపి. కంటికి కనిపించేది 27 అంగుళాలే. అయినా దాని వెడల్పు, ఎత్తు 4:3 పాళ్లలో ఉండేవి కాబట్టి బొమ్మ ఎత్తు 16 అంగుళాలు దాటేది. కొత్త 32 అంగుళాల తెర పక్కలకి సాగిందే గానీ పైకి పెరగలేదు. దాని ఎత్తు 15.7 అంగుళాలు.

ఈ 16:9 ఎక్కడిది?

1980లలో కెర్న్స్ పవర్స్ అనే అమెరికన్ ఇంజనీరు అప్పటికి వాడుకలో ఉన్న తెర ఆకారాలన్నిటికీ ఒకే వైశాల్యం ఉండేలా కాగితం ముక్కలు కత్తిరించి ఒకదాని మీద ఒకటి పేర్చి చూశాడు. ఒక కొసన పాత 4:3 దీర్ఘచతురస్రం, మరో కొసన సినిమాస్కోప్ పట్టీ. అన్నీ ఇమిడే చట్రం 16:9 దగ్గర తేలింది. దేనికీ పూర్తిగా న్యాయం చేయకుండా, దేనికీ మరీ అన్యాయం చేయకుండా కుదిర్చిన పెద్దమనుషుల ఒప్పందం లాంటిదన్నమాట.

అందుకే 1957 నాటి 'మాయాబజార్' నలుపు తెలుపు ప్రతిని పెడితే అటూ ఇటూ నల్ల పట్టీలు నిలబడతాయి. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం, 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు'ను అసలు ఆకారంలో చూస్తే పట్టీలు పైకీ కిందికీ చేరతాయి. సినిమాస్కోప్ బొమ్మ వచ్చినప్పుడు మీరు డబ్బు పోసి కొన్న తెరలో దాదాపు పావు వంతు ఖాళీగా నల్లగా ఉంటుంది. పట్టీలు పోవాలని రిమోట్‌తో 'జూమ్' నొక్కితే పోయేవి పట్టీలు కావు, ఫ్రేములో చివర నిలబడ్డ మనుషులు. దయచేసి నొక్కకండి.

నలభై అయిదు, అరవై ఎందుకు అంతగా కనబడవు?

కొట్టు గోడ మీద 43, 55, 65, 75 వరసగా ఉంటాయి. ఈ అంకెలు మన అవసరాన్ని బట్టి పుట్టినవనుకుంటాం గానీ, చాలావరకు గాజు పలక మీది లెక్క. ఫ్యాక్టరీలో ముందు మంచమంత గాజు పలక తయారవుతుంది, దాన్ని తెరలుగా కోస్తారు. 2,200 మిల్లీమీటర్లు, 2,500 మిల్లీమీటర్లు ఉండే పలకలో 55 అంగుళాల తెరలు సరిగ్గా ఆరు వస్తాయి, వృథా తక్కువ. అంతకంటే పెద్దదైన 2,940, 3,370 మిల్లీమీటర్ల పలకలో 65 అంగుళాలవి ఎనిమిది గానీ, 75 అంగుళాలవి ఆరు గానీ వస్తాయి. బట్టల తాను ముందు కూర్చున్న దర్జీ చేసేదీ ఇదే: పీలిక మిగలకుండా కత్తిరింపు. ముక్క వృథా కాని సైజే చవకగా దొరుకుతుంది, చవకగా దొరికేదే అలవాటైపోతుంది.

మన తిరుపతి చుట్టుపక్కల ఎల్‌ఈడీ టీవీలు తయారయ్యే ఫ్యాక్టరీలు ఉన్నాయి. వేర్వేరు బ్రాండ్ల టీవీలు ఒకే కప్పు కింద తయారై, వేర్వేరు పేర్లతో బయటికి రావడం ఈ వ్యాపారంలో మామూలే.

క్యారెట్‌లో పుట్టింది

1888లో ప్రాగ్ నగరంలో ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త, క్యారెట్ నుంచి తీసిన కొలెస్టరాల్ పదార్థం ఒకదాన్ని వేడి చేస్తున్నాడు. 145 డిగ్రీల దాకా రాగానే అది కరిగింది, కానీ మసకగా. 178 దాటాక తేటపడింది. ఒకే పదార్థం రెండుసార్లు కరగడమేమిటని ఆయన తల పట్టుకున్నాడు. ఆ మధ్య స్థితే ద్రవ స్ఫటికం, ఎల్‌సీడీలో మొదటి రెండు అక్షరాలు దాని పేరే.

ఎల్‌ఈడీ టీవీ నిజానికి ఎల్‌సీడీ టీవీయే

ఈ మాట కొట్లో ఎవరూ చెప్పరు. తెర ఎల్‌సీడీదే, దాని వెనక వెలుతురుకు పాతకాలపు ట్యూబులైట్ల బదులు ఎల్‌ఈడీ దీపాలు పెట్టారు, పేరు మారింది. క్యూఎల్‌ఈడీ కూడా ఆ కుటుంబమే. వెనక దీపానికీ తెరకూ మధ్య క్వాంటమ్ డాట్స్ అనే అతి సూక్ష్మ కణాల పొర ఉండి రంగుల్ని శుభ్రపరుస్తుంది. ఈ గోడకు వేలాడే వస్తువులో రెండు నోబెల్ బహుమతులు దాగి ఉన్నాయి: నీలి ఎల్‌ఈడీకి 2014లో భౌతికశాస్త్రంలో, క్వాంటమ్ డాట్స్‌కి 2023లో రసాయనశాస్త్రంలో.

ఓఎల్‌ఈడీ మాత్రం వేరే జాతి. అందులో ప్రతి చుక్కా తన వెలుగు తనే ఇచ్చుకుంటుంది, అక్కర్లేనప్పుడు పూర్తిగా ఆరిపోతుంది. అందుకే అమావాస్య రాత్రి సీను నిజంగా అమావాస్యలాగే ఉంటుంది. 2007లో సోనీ అమ్మకానికి తెచ్చిన తొలి ఓఎల్‌ఈడీ టీవీ సైజెంతో తెలుసా? 11 అంగుళాలు!

అయితే ఒక చిక్కుంది. కదలని బొమ్మ గంటల తరబడి ఒకేచోట ఉంటే ఓఎల్‌ఈడీలో దాని నీడ మచ్చలా మిగిలిపోయే ప్రమాదం ఉంది. మన తెలుగు న్యూస్ ఛానళ్లు గుర్తు తెచ్చుకోండి. మూలన లోగో, కింద స్క్రోలింగ్, దాని పైన బ్రేకింగ్ పట్టీ, పక్కన గడియారం. పొద్దున్నే ఆరింటికి న్యూస్ పెట్టి రాత్రి పడుకునే ముందు కట్టేసే తాతయ్య ఉన్న ఇంటికి ఓఎల్‌ఈడీ వద్దనే నా అభిప్రాయం. రాత్రి లైట్లు ఆర్పి సినిమా చూసే ఇంటికైతే దాన్ని మించింది లేదు.

సోఫా నుంచి గోడకి ఎంత?

అసలు విషయం ఇది. తెర మన చూపులో సుమారు 30 డిగ్రీల మేర పరుచుకుంటే సినిమా చూస్తున్నట్టు ఉంటుందని ఒక లెక్క వాడుకలో ఉంది. దాన్ని ఇంటి భాషలోకి మారిస్తే, పెట్టె మీది అంగుళాల్ని 1.6తో గుణించండి, కూర్చోవాల్సిన దూరం అంగుళాల్లో వస్తుంది; 12తో భాగిస్తే అడుగులు. 43కి అయిదు ముప్పావు అడుగులు. 55కి ఏడున్నర అడుగులకు కాస్త తక్కువ. 65కి ఎనిమిదిన్నర దాటి. 75కి పది అడుగులు. మన అపార్ట్‌మెంట్ హాల్లో సోఫా వీపు గోడకి ఆనించి కూర్చుంటే కళ్ల నుంచి ఎదుటి గోడకి ఎంతుంటుందో ఓసారి కొలవండి. "అంత పెద్దదెందుకు, కళ్లు పోతాయి" అనే అత్తయ్య మాట డబ్బా టీవీ రోజులది. పదడుగుల దూరానికి 55 పెద్దదేమీ కాదు.

కానీ తెర పెద్దదైనంత మాత్రాన బొమ్మ బాగుంటుందని కాదు. 4కే తెర మీద ఉండే చుక్కలు దాదాపు 83 లక్షలు. కేబుల్లో వచ్చే మామూలు ఎస్‌డీ ఛానల్ బొమ్మలో ఉండేవి 4 లక్షల చిల్లర. అంటే ఒక్కో చుక్క వచ్చిన చోట ఇరవై చుక్కలు నింపాలి. మిగతా పంతొమ్మిదీ టీవీలోని చిప్పు ఊహించి నింపుతుంది. పెద్ద టీవీ కొన్నాక పాత సీరియల్ పాలిపోయినట్టు కనిపిస్తే తప్పు టీవీది కాదు.

ఇంకో మాట. మంచి చూపున్న కంటికైనా 55 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ తేడా తెలియాలంటే ఏడడుగుల లోపు కూర్చోవాలి. అంతకన్నా వెనక్కి జరిగితే రెండూ ఒకటే. 8కే కోసం ఎవరైనా ఊరిస్తే ఈ లెక్క చెప్పి నవ్వేయండి.

వంటింటి గుమ్మం లెక్క

టీవీ ఎదురుగా కూర్చుని చూసేది ఇంట్లో ఒకరో ఇద్దరో. ఒకరు దివాన్ కాట్ మీద పక్కకి ఒరిగి చూస్తారు, పిల్లలు నేల మీద, ఇంటావిడ చేతిలో గరిటెతో వంటింటి గుమ్మంలోంచి. ఎల్‌సీడీ తెరల్లో వీఏ రకం ప్యానెల్ ఎదురుగా చూస్తే నలుపు చిక్కగా ఉంటుంది, పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ రకం పక్కనుంచి కూడా నిలకడగా ఉంటుంది, కానీ దాని నలుపు కాస్త బూడిద రంగు. షోరూంలో టీవీ ముందు నిలబడకుండా నాలుగడుగులు పక్కకి నడిచి చూస్తే తేడా తెలుస్తుంది. ఆ కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

షోరూంలో చూసింది ఇంటికి రాదు

అక్కడ టీవీలు షాప్ మోడ్‌లో నడుస్తాయి. వెలుతురు పూర్తిగా పెంచి, రంగులు పిండి, పూలూ చిలకలూ ఉన్న వీడియోలు తిప్పుతారు. ఇంట్లో అంత వెలుగులో గంట చూస్తే కళ్లు మండుతాయి. ఇంటికొచ్చాక 'సినిమా' మోడ్ పెట్టుకోండి. మొదటి రెండు రోజులు పసుపు పచ్చగా, మందంగా అనిపిస్తుంది, మూడో రోజుకి అదే సహజమనిపిస్తుంది.

సినిమా తీసేది సెకనుకు 24 ఫ్రేముల్లో. టీవీలో 'మోషన్' పేరుతో ఉండే మీట మధ్యలో తను తయారుచేసిన ఫ్రేములు దూరుస్తుంది. దాంతో కోట్లు పోసి తీసిన యుద్ధం సీను స్టూడియోలో తీసిన సీరియల్లా నున్నగా మారిపోతుంది. ఇది భరించలేక 2018లో హాలీవుడ్ నటుడు టామ్ క్రూజ్, ఆ మీట కట్టేయమంటూ జనాన్ని కోరుతూ ఒక వీడియోయే పెట్టాడు. క్రికెట్‌కి మాత్రం అది ఉంచుకోవచ్చు.

32 మీద ప్రేమ ఎందుకు?

చాలాకాలం 32 అంగుళాల వరకు జీఎస్టీ 18 శాతం, అది దాటితే 28 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీలకీ 18 శాతమే.

టీవీ కూడా మనల్ని చూస్తుంది

తెర మీద ఏం ఆడుతోందో గుర్తుపట్టి కంపెనీకి చేరవేసే ఏర్పాటు చాలా స్మార్ట్ టీవీల్లో ఉంటుంది. అనుమతి లేకుండా ఇలా సమాచారం పోగేసినందుకు 2017లో అమెరికాలో విజియో అనే కంపెనీ 22 లక్షల డాలర్లు చెల్లించి కేసు పరిష్కరించుకుంది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు వరసగా వచ్చే "అంగీకరిస్తున్నాను"లన్నీ కళ్లు మూసుకుని నొక్కేస్తాం, ఆ అనుమతి ఉండేది అక్కడే. సెట్టింగుల్లో తర్వాతైనా తీసేయవచ్చు.

గోడ మీద ఎంత ఎత్తులో?

బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ నిలబడి చూసి మేకు కొడతాడు, మనం కూర్చుని చూస్తాం. సోఫాలో కూర్చున్నప్పుడు మన కళ్లు నేల నుంచి మూడున్నర అడుగుల దగ్గర ఉంటాయి. తెర నడుమ కాస్త అటూ ఇటూగా అక్కడికి రావాలి. దేవుడి పటంలా పైన వేలాడదీస్తే మెడ పట్టేస్తుంది. ఎదురుగా కిటికీ ఉంటే మధ్యాహ్నం సినిమాలో హీరోకి బదులు మన కిటికీ ఊచలే కనిపిస్తాయి.

స్టెబిలైజర్ సంగతంటారా? ఇప్పటి టీవీల్లో చాలావాటికి 100 నుంచి 240 వోల్టుల దాకా ఫర్వాలేదు, వెనక అంటించిన చీటీ మీద రాసి ఉంటుంది. అయితే ఉరుములు మొదలవకముందే కరెంటు ప్లగ్గుతో పాటు డిష్ కేబుల్ కూడా పీకండి. పిడుగు ఆ దారిన కూడా వస్తుంది.

చివరగా, లిఫ్టు

మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన నాలుగో అంతస్తుకి 75 అంగుళాలది తెప్పించాడు. పల్చటి తెర పగలకుండా ఉండాలంటే పెట్టెను నిలువుగానే మోయాలి, పడుకోబెట్టకూడదు. తెరే అయిదున్నర అడుగుల వెడల్పు, అట్టపెట్టెతో కలిపితే ఇంకా ఎక్కువ. లిఫ్టులో పట్టలేదు. నలుగురు మనుషులు మెట్ల మీద, ప్రతి మలుపులో ఆగి ఆగి, ఉత్సవ విగ్రహాన్ని మోసినట్టు పైకి చేర్చారు. కూలీ వేరే ఇచ్చుకున్నాడు. కాబట్టి టేపు పట్టుకుని సోఫా నుంచి గోడదాకా కొలిచాక అక్కడితో ఆగకండి. లిఫ్టు తలుపూ, మెట్ల మలుపూ, వీధి గుమ్మమూ కూడా కొలిచి, ఆ అంకెలు కాగితం మీద రాసుకునే కొట్టుకి బయల్దేరండి.