వర్గమా, ఘనమా?

బరువు కిలోల్లో, ఎత్తు మీటర్లలో. బరువును ఎత్తుతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ అదే ఎత్తుతో భాగిస్తే బీఎంఐ. షుగర్ పరీక్షకు వెళ్లినవాళ్లకు కొత్త అంకేమీ కాదు. లెక్కలు బాగా వచ్చిన తొమ్మిదో తరగతి పిల్ల మాత్రం ఇక్కడ ఆగి అడుగుతుంది: మనిషికి పొడవు, వెడల్పు, మందం మూడూ ఉన్నాయి కదా, మూడుసార్లు ఎందుకు భాగించరు?

న్యాయమైన ప్రశ్నే. 150 సెంటీమీటర్ల మనిషి 50 కిలోలున్నాడనుకుందాం. అతణ్ని అన్ని వైపులా సమానంగా సాగదీసి 180 సెంటీమీటర్లు చేస్తే, ఎత్తు 1.2 రెట్లు, బరువు దాని ఘనం, అంటే 1.728 రెట్లు. 86 కిలోలు దాటిపోతాడు! వర్గం లెక్కన 72 కిలోలే. మన చుట్టూ తిరిగే పొడగరులు ఈ రెండో లెక్కకే దగ్గర. పొడవు సాగినంతగా మనిషి అడ్డంగా సాగడు. దీన్ని కొలతలతో పట్టుకున్నవాడు వైద్యుడు కాదు, బెల్జియం ఖగోళవేత్త అడాల్ఫ్ కెట్లే. 'సగటు మనిషి' కోసం వెతుకుతూ 1835 నాటి గ్రంథంలో ఆ సంగతి రాశాడు. ఊబకాయం మీద ఆయనకు ధ్యాసే లేదు. ఘనం పూర్తిగా ఓడిపోలేదు లెండి, నవజాత శిశువుల పుష్టిని చూడటానికి ఇప్పటికీ దాన్ని వాడతారు.

ఎమ్మిగనూరు వాళ్లకు ఇందులో ఒక తమాషా కనిపించాలి. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరది. గుడ్డ దళసరిని చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని చెబుతారు. బీఎంఐ కూడా చదరపు మీటరుకు ఇన్ని కిలోలే. కాకపోతే గుడ్డలోని చదరపు మీటరును పరిచి చూపొచ్చు. ఒంట్లో అది ఎక్కడుంది? ఎక్కడా లేదు, అది కాగితం మీది లెక్క.

1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ దీనికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత 18.5 కంటే తక్కువైతే బక్కతనం, 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అన్న గీతలు ప్రపంచమంతా పాకాయి.

ఆదోని పత్తి యార్డులో మూటలు మోసే హమాలీని, గల్లా దగ్గర కూర్చునే వ్యాపారిని ఊహించండి. ఇద్దరూ 170 సెంటీమీటర్లు, 72 కిలోలు. ఇద్దరికీ 24.9. ఒకరిది కండ, ఇంకొకరిది కొవ్వు; తూకానికి ఆ తేడా తెలియదు. 2004లో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యడ్కిన్ తమనే ఉదాహరణగా చూపారు: ఇద్దరి బీఎంఐ 22.3, ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఆసియావాసులకు 23 నుంచే జాగ్రత్త మొదలవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సూచించిందీ అదే ఏడాది. మన దేశంలో డాక్టర్లు తూకంతో పాటు టేపూ తీస్తారు: నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు.