యంత్రానికి యజమాని కాకముందు ఆపరేటరు కండి

చెరువు పూడికతీత, పొలానికి పైపులైను గాడి, ఇంటికి పునాది, ఇసుక ఎత్తిపోత ఇవన్నీ నేడు యంత్రాలు చేసే పనులు. మన పల్లెలలో బ్యాక్‌హో లోడరు ఏ కంపెనీదైనా దాని పేరు జేసీబీయే. ఇనుప గొలుసు పట్టాలపై నడిచే త్రవ్వే యంత్రం ఎవరు తయారు చేసినా అది పొక్లెయినే. పట్టణాల అంచున వెలసిన గిడ్డంగులలో ఫోర్క్‌లిఫ్టులు, రేవులలోను, కట్టడాల వద్దను క్రేనులు పనిచేస్తున్నాయి. వీటిని చూసి ఉత్సాహపడిన యువకులు బ్యాంకుకు వచ్చి మొట్టమొదట అడిగే ప్రశ్న, "యంత్రానికి ఎంత ఋణం ఇస్తారు?" అని. అంతకు ముందు తమను తాము అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది: "దీనిని నడపడం నాకు వచ్చునా?"

ఎందుకో ఒక లెక్క వేసి చూడండి. ఇందులోని అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీ ప్రాంతపు ధరలను బట్టి మార్చుకొనవచ్చును. జేసీబీ కొనుటకు 28 లక్షల రూపాయలు 12 శాతం వడ్డీపై 48 నెలలకు తీసుకున్నారనుకుందాం. నెలవారీ వాయిదా సుమారు 73,700 రూపాయలు. బీమా, పన్ను వగైరాలకు నెలకు 6,300 కలిపితే 80,000. గంటకు బాడుగ 1,200 అనుకుంటే, అందులో డీజిలుకు 550, టైర్లు, గ్రీజు, మరమ్మతులకు 100 పోగా మిగిలేది 550. మీరే నడిపితే నెలకు 146 గంటల పని దొరికినప్పుడే వాయిదా గట్టెక్కుతుంది. మీ ఇంటి ఖర్చు ఇంకా అందులో చేరలేదు. జీతం, బత్తా కలిపి 20,000 ఇచ్చి మరొకరిని పెట్టుకుంటే 182 గంటలు కావాలి. ఈ 36 గంటల తేడాయే చాలామందిని ముంచుతున్నది.

ఇక వానాకాలం. పొలాలలో పైరు ఉంటుంది, చెరువులో నీరు ఉంటుంది, యంత్రం చెట్టు క్రింద ఉంటుంది. ఆ నెలలో 60 గంటలే నడిస్తే చేతికి వచ్చేది 33,000. తక్కువ పడేది 47,000. తండ్రి పేరనున్న భూమిని హామీగా పెట్టి తెచ్చిన యంత్రమైతే ఆ లోటు ఎక్కడికి దారితీస్తుందో వేరే చెప్పనక్కరలేదు. అందుచేత ఎండాకాలపు రాబడిలో కొంత భాగాన్ని వానాకాలపు వాయిదాలకై ముందే వేరుగా ఉంచుకొనవలసి ఉంటుంది.

నడపడం నేర్చుకొనుటకు రెండు దారులున్నాయి. హెల్పరుగా చేరి ఆపరేటరు ప్రక్కన ఒకటి రెండేళ్ళు పనిచేయడం మొదటిది. ప్రతి ఉదయం పిన్నులకు గ్రీజు పెట్టడం, ఇంజనాయిలు, హైడ్రాలిక్ ఆయిలు మట్టం చూడడం, హోసులు కారుతున్నవేమో తడిమి చూడడం (ఇంజను ఆపిన తరువాతనే సుమా) అతనికి అబ్బే విద్యలు. లీవర్లు కదపడం వారం రోజులలో వస్తుంది; యంత్రం శబ్దాన్ని బట్టి దాని రోగం చెప్పగలగడానికి ఏళ్ళు పడుతుంది. రెండవ దారి శిక్షణ సంస్థలో చేరి ధ్రువపత్రం పొందడం. ఈ రంగపు పనులకు అర్హతా ప్రమాణాలను ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఎక్విప్‌మెంట్ స్కిల్ కౌన్సిల్ నిర్ణయిస్తుంది. చేరే ముందు ఆ పత్రానికి గుర్తింపు ఉన్నదా, యంత్రంపై ఎన్ని గంటలు కూర్చోనిస్తారు అని అడగండి. నల్లబల్లపై నేర్పే క్రేను విద్య గట్టు మీద నేర్పే ఈత వంటిది.

లైసెన్సు సంగతి అశ్రద్ధ చేయరాదు. టైర్లపై నడిచే ఇటువంటి యంత్రాలను 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళి నిర్మాణ పరికర వాహనాలుగా గుర్తించింది. రోడ్డుపైకి వచ్చినప్పుడు రిజిస్ట్రేషను, బీమా, నడిపేవానికి తగిన లైసెన్సు మూడూ ఉండాలి. లైసెన్సు లేనివాని చేతిలో ప్రమాదం జరిగితే, బీమా కంపెనీ బాధితునికి పరిహారం చెల్లించినా ఆ సొమ్మును యజమాని నుండి రాబట్టుకొనేందుకు న్యాయస్థానాలు అనుమతిస్తున్నాయి. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది ఇదే. ఒక్క రోజుకని తమ్మునికి తాళంచెవి ఇచ్చే ముందు దీనిని తలచుకోండి.

బరువులెత్తే పనిలో ఉన్న సూక్ష్మం కావడి మోసినవారికి త్వరగా అర్థమవుతుంది. ఫోర్క్‌లిఫ్టులో ముందు చక్రాలే భుజం. ముందు సరుకు, వెనుక యంత్రపు బరువు. 3 టన్నుల ఫోర్క్‌లిఫ్టు అంటే, సరుకు బరువు కేంద్రం సాధారణంగా ఫోర్కుల మొదలు నుండి 500 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఎత్తగల బరువు. పెట్టె పొడవై ఆ దూరం 800 అయితే, ముందు ఇరుసుకూ ఫోర్కు మొదలుకూ మధ్య మరో 500 ఉన్నదనుకుంటే, అదే యంత్రం మోయగలది సుమారు 2,300 కిలోలు మాత్రమే. యంత్రానికి బిగించిన పలకపై ఉన్న పట్టికే దీనికి ప్రమాణం. బరువుతో ఏటవాలు ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనుకకు నడపాలి. సరుకు ఎల్లప్పుడూ ఎగువ వైపే ఉండాలి. యంత్రం ఒరిగితే బయటకు దూకరాదు. దూకినవారే దాని క్రింద నలుగుతారు. బెల్టు పెట్టుకుని, స్టీరింగు గట్టిగా పట్టుకుని, ఒరిగే దిక్కుకు ఎదురుగా వాలాలి. క్రేనుకూ ఇదే న్యాయం: చేయి చాచిన కొద్దీ ఎత్తగల బరువు తగ్గుతుంది. 14 టన్నుల క్రేను అన్నంత మాత్రాన ఎంత దూరానైనా 14 టన్నులు ఎత్తదు.

పల్లెలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం పొలాల మీదుగా పోయే 11 కేవీ కరెంటు తీగ. బూమును తీగకు కనీసం మూడు మీటర్ల ఎడంగా ఉంచండి. కుదరని చోట లైను ఆపించిన తరువాతనే పని మొదలుపెట్టండి. పొరపాటున తగిలితే సరఫరా ఆపేవరకు సీటులోనే కూర్చోవాలి, ఎవరినీ దగ్గరకు రానీయరాదు. మంటలు లేచి దిగక తప్పకపోతే, యంత్రాన్నీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు పాదాలు కలిపి దూకి, అట్లే గెంతుతూ దూరం పోవాలి.

గల్ఫు దేశాలలో ఈ పనికి మన వారు చాలాకాలంగా వెళుతున్నారు. ఇక్కడి అనుభవం ఉపయోగపడుతుంది గాని, అక్కడి లైసెన్సు అక్కడ పొందవలసినదే. పదవ తరగతి ప్యాసు కానివారు విదేశాంగ శాఖ వద్ద నమోదైన ఏజెంటు ద్వారానే వెళ్ళడం క్షేమం.

డీలరు మిత్రులకు ఒక మనవి. కొనుగోలుదారునికి వాయిదా ఎంతో చెప్పి ఊరుకోకండి. ఎన్ని గంటల పని కావాలో కూడా లెక్కగట్టి చూపండి. వాయిదా తప్పి తిరిగి వచ్చిన యంత్రం మీ దుకాణానికీ మంచి పేరు తేదు.

ఋణానికి వచ్చేనాటికి మీ చేతిలో ఉండవలసినవి: లైసెన్సు, శిక్షణ పత్రం ఉంటే అది, పని ఇస్తామన్న కాంట్రాక్టర్ల ఉత్తరాలు, అన్నిటికంటె ముఖ్యంగా ఒక నోటు పుస్తకం. ఇతరుల యంత్రంపై పనిచేసిన రోజులలోనే తేదీ, స్థలం, అవర్ మీటరు అంకె, కాలిన డీజిలు అందులో వ్రాసుకుంటూ రండి. ఏ నెలలో మీ చుట్టుప్రక్కల ఎన్ని గంటల పని దొరుకుతుందో ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకమే చెబుతుంది; బ్యాంకు మేనేజరు మొదట చూడగోరేదీ దానినే.