రోజూ తిరిగే దారికి ఏ కారు?

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గరగానీ, విజయనగరంలో గంటస్తంభం దగ్గరగానీ కాసేపు నిలబడి వచ్చిపోయే కార్లను గమనించండి. జీపులాగా ఎత్తుగా ఉండి, పొడవు మాత్రం తక్కువగా ఉండే కార్లు కనిపిస్తాయి. వీటిని కాంపాక్ట్ ఎస్.యు.వి.లు అంటారు. ఇంట్లో కారు కొనే మాట వస్తే చాలామంది ముందు వీటి పేరే ఎత్తుతారు. ఆ వెంటనే వాదన మొదలవుతుంది. "డీజిలు బండి కొంటే ఖర్చు కలిసివస్తుంది" అంటాడు బాబాయి. "కాదు, పెట్రోలే నయం" అంటాడు మామయ్య.

ఇద్దరిలో ఎవరి మాట నిజం? బడిలో నేర్చుకున్న భౌతికశాస్త్రం, కాస్త గణితం తోడు చేసుకుంటే ఈ తగవు మీరే తీర్చవచ్చు.

నాలుగు మీటర్ల లోపు ఎందుకు?

ఈ కార్ల పొడవు సాధారణంగా 4 మీటర్లకు కాస్త తక్కువగా ఉంటుంది. ఇది కాకతాళీయం కాదు. 2006 కేంద్ర బడ్జెటులో చిన్న కార్లకు పన్ను తగ్గించారు. చిన్న కారు అనిపించుకోవాలంటే పొడవు 4,000 మిల్లీమీటర్లు మించకూడదు. ఇంజను పెట్రోలుదైతే 1,200, డీజిలుదైతే 1,500 ఘనపు సెంటీమీటర్లు దాటకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇటువంటి కార్ల మీద జి.ఎస్.టి. 18 శాతం; ఈ హద్దులు దాటిన పెట్రోలు, డీజిలు కార్ల మీద 40 శాతం. అందుకే తయారీదార్లు ఎత్తయిన కారును నాలుగు మీటర్లలో ఇమిడ్చారు. టాటా నెక్సాన్, హ్యుందాయ్ వెన్యూ ఈ కోవకు చెందినవే. మన రాష్ట్రంలో పెనుకొండ దగ్గరి కియా కర్మాగారంలో తయారయ్యే సోనెట్ కూడా ఇటువంటిదే.

పెట్రోలు ఎక్కడికి పోతుంది?

ఒక లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ళ శక్తి ఉంటుంది. అందులో పెద్ద భాగం వేడిగా మారి రేడియేటరు ద్వారా, పొగగొట్టం ద్వారా బయటకు పోతుంది. నాలుగో వంతు చక్రాలకు అందిందనుకుందాం. అంటే 80 లక్షల జౌళ్ళు.

ఇప్పుడు 1,200 కిలోల కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతోంది. దాని గతిశక్తి ఎంత? ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి, అందులో సగం తీసుకోవాలి. 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 13.9 మీటర్లు. లెక్క వేస్తే 1 లక్షా 16 వేల జౌళ్ళు వస్తుంది. అంతలో ఒక ఆవు రోడ్డుకు అడ్డం వచ్చింది. బ్రేకు వేశారు. ఆ శక్తి యావత్తూ బ్రేకుల్లో వేడిగా మారిపోయింది. ఆవు పోయాక ఆ వేగం మళ్ళీ అందుకోవాలంటే అంత శక్తీ మళ్ళీ పెట్టాలి. ఈ లెక్కన సుమారు 70 సార్లు ఆగి బయలుదేరితే చాలు, ఒక లీటరు పెట్రోలు బ్రేకులకే అర్పణమైపోతుంది! కారు బరువు 1,000 కిలోలే అయితే అదే లీటరుతో 83 సార్లు ఆగి బయలుదేరవచ్చు. ఊళ్ళో తిరిగే బండికి తక్కువ బరువు మేలన్నమాట. విద్యుత్ కార్లలో బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరుగా మారి, ఈ శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలో నింపుతుంది.

జాతీయ రహదారి మీద సంగతి వేరు. అక్కడ ఆగడాలు తక్కువ. అక్కడి శత్రువు గాలి. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 80 కిలోమీటర్ల వేగాన్ని 100 చేస్తే వేగం పెరిగేది 25 శాతమే. గాలి నిరోధం మాత్రం 56 శాతం పెరుగుతుంది. ఎత్తయిన కారు ముందుభాగం వెడల్పాటి తలుపులా గాలిని నెట్టుకుంటూ పోవాలి కాబట్టి, ఈ నష్టం దానికి మరీ ఎక్కువ.

కంపెనీ ప్రకటించే మైలేజీ ప్రయోగశాలలో, రోలర్ల మీద, నిర్ణీత పద్ధతిలో కొలిచినది. అక్కడ ఆవులూ ఉండవు, గతుకులూ ఉండవు. కార్లను ఒకదానితో ఒకటి పోల్చడానికే ఆ అంకె పనికివస్తుంది.

ఒకే కారు, రెండు జవాబులు

బాబాయి రోజూ రణస్థలం నుంచి శ్రీకాకుళం ఉద్యోగానికి వెళ్ళివస్తాడు. రానూ పోనూ 60 కిలోమీటర్లు అనుకుందాం. ఏడాదికి 300 పనిదినాలకు 18,000 కిలోమీటర్లు. మామయ్య తిరిగేది విజయనగరం ఊళ్ళోనే, రోజుకు 8 కిలోమీటర్లు. ఏడాదికి 2,400.

పెట్రోలు లీటరు 110 రూపాయలు, డీజిలు 98 రూపాయలు అనుకుందాం. పెట్రోలు కారు లీటరుకు 15, డీజిలు కారు 20 కిలోమీటర్లు ఇస్తే, కిలోమీటరుకు అయ్యే ఖర్చు 7 రూపాయల 33 పైసలు, 4 రూపాయల 90 పైసలు. తేడా 2 రూపాయల 43 పైసలు. డీజిలు కారు ధర లక్షన్నర ఎక్కువ అనుకోండి. బాబాయికి ఏడాదికి సుమారు 43,700 రూపాయలు మిగులుతాయి. మూడున్నర ఏళ్ళలో ఆ లక్షన్నరా తిరిగి వచ్చేస్తుంది. మామయ్యకు మిగిలేది ఏడాదికి సుమారు 5,800 రూపాయలే. ఆయనకు ఆ డబ్బు తిరిగి రావాలంటే దాదాపు 26 ఏళ్ళు పడుతుంది. అన్నాళ్ళు కారు ఉండాలి కదా!

చూశారా? ఇద్దరి మాటా నిజమే. ఎవరి దారికి వారి మాట నిజం.

నమ్మకం సంగతి

కారు నమ్మకంగా పనిచేయడం కూడా దారిని బట్టే ఉంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. అప్పటినుంచి డీజిలు కార్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటోంది. పట్టిన మసి కాలిపోవాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. రహదారి మీద అరగంట ఏకధాటిగా నడిచే బండిలో ఆ వేడి పుడుతుంది. సందుల్లో రెండేసి కిలోమీటర్లు తిరిగే బండిలో పుట్టదు. జల్లెడ పూడుకుపోతుంది, రిపేరు మీద పడుతుంది. మామయ్య డీజిలు కొనకపోవడానికి ఇది రెండో కారణం.

మన జిల్లాల్లో వానలకు గెడ్డలు పొంగి రోడ్డు మీదికి వస్తుంటాయి. కారు ఎత్తుగా ఉంది కదా అని నీళ్ళలోకి దించకూడదు. గాలి పీల్చే గొట్టంలోకి నీరు పోతే, పిస్టను దాన్ని నొక్కలేదు. గాలి నలుగుతుంది, నీరు నలగదు. పిస్టనును నడిపే కడ్డీయే వంగిపోతుంది. ఎత్తు గతుకులను దాటడానికే, ప్రవాహాన్ని దాటడానికి కాదు. పైగా ఎత్తు పెరిగితే గరిమనాభి కూడా పైకి పోతుంది. మలుపులో వేగంగా తిప్పితే బోల్తా పడే ప్రమాదం పెరుగుతుంది.

ఇంకొక విషయం. బరువు తగ్గితే ఖర్చు తగ్గుతుంది నిజమే కానీ, ప్రాణరక్షణను తగ్గించుకోకూడదు. 2023 అక్టోబరు 1న భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్షావిధానం మొదలైంది. కారును నిర్ణీత వేగంతో గుద్దించి, లోపలి బొమ్మలకు తగిలే దెబ్బలను కొలిచి నక్షత్రాలు ఇస్తారు. అత్యధికం అయిదు. మైలేజీ అంకె అడిగే ముందు ఈ నక్షత్రాలు ఎన్నో అడగండి.

మీరే కొలవండి

మీ ఇంట్లోనో, తెలిసినవారి ఇంట్లోనో కారుంటే ఈ ప్రయోగం చేయండి. ట్యాంకు నిండా ఇంధనం పోయించి, మీటరు అంకె రాసుకోండి. మామూలుగా తిరగనివ్వండి. కనీసం 300 కిలోమీటర్లు తిరిగాక, అదే బంకులో మళ్ళీ నిండా పోయించండి. రెండోసారి ఎన్ని లీటర్లు పట్టాయో అన్నే ఖర్చయినట్టు. తిరిగిన దూరాన్ని ఆ లీటర్లతో భాగిస్తే అసలైన మైలేజీ వస్తుంది. మోటారు సైకిలుకైనా ఇదే పద్ధతి.

ఒక చిక్కులెక్క కూడా ఇస్తున్నాం. 18,000 కిలోమీటర్లు తిరిగే ఒక కారు మైలేజీ 10 నుంచి 12కు పెరిగింది. మరొకదానిది 18 నుంచి 20కి పెరిగింది. రెండింటిలోనూ పెరిగింది రెండే. కానీ మొదటిదానిలో 300 లీటర్లు మిగిలాయి, రెండోదానిలో 100 లీటర్లే. ఎందుకో ఆలోచించండి.

ఈసారి ఇంట్లో "ఏ కారు మంచిది?" అన్న వాదన వస్తే, మీరు ఒక ఎదురుప్రశ్న వేయండి: "రోజూ ఎంత దూరం, ఏ దారిన?" దానికి జవాబు వచ్చాక, కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చోవచ్చు.